చేతులకు తలుపు తీయండి



ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని కనీసం ఫొటోలోనైనా చూడని తెలుగువాళ్లు తక్కువ. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ పెద్ద కమాను, ముందున్న మెట్లు రోజూ టీవీల్లో కనిపించేవి. 1934లో పునాదిరాయి వేశారు. 1939 డిసెంబరు 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. కట్టడానికి ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. అజంతా, ఎల్లోరాలను గుర్తుచేసే స్తంభాలు, వాటి పైన ముస్లిం కట్టడాల కమానులు. అందుకే దాన్ని చూడగానే దక్కన్ అంతా ఒక్కచోట నిలబడినట్టు అనిపిస్తుంది.

ఇవన్నీ కంటికి తెలిసే సంగతులు. ఎండాకాలంలో పొద్దుగూకాక ఆ గోడకు అరచెయ్యి ఆనించి చూడండి. గాలి చల్లబడినా రాయి ఇంకా వెచ్చగానే ఉంటుంది. పాలిష్ పట్టిన చోట వేలు జారుతుంది, పట్టని చోట గరుకు తగిలి ఆగుతుంది. హైదరాబాద్ నేలలోని గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి మీద చెయ్యి పెట్టినప్పుడు కలిగే నమ్మకం, ఆ బరువు, ఆ వేడి ఏ ఫొటోలోనూ లేవు.

ఈ క్యాంపస్‌లో చూపులేని విద్యార్థులు ఎన్నో ఏళ్లుగా చదువుకుంటున్నారు. తార్నాక చౌరస్తాలో బస్సు దిగి, తెల్లకర్రతో నేలను తడుముకుంటూ, ఆటోల హారన్ల మధ్య దారి వెతుక్కునే పిల్లల్ని ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లు చూసే ఉంటారు. వాళ్లలో చరిత్ర చదివేవాళ్లున్నారు, సాహిత్యం చదివేవాళ్లున్నారు. శాతవాహనుల గురించీ కాకతీయుల గురించీ అందరిలాగే పరీక్షలు రాస్తారు. అయితే అమరావతి పాలరాతి పలక మీద బొమ్మ ఎంత ఎత్తుగా లేచి ఉంటుందో, రామప్ప మదనిక నడుము ఏ వైపుకు వంగి ఉంటుందో వాళ్లకు ఎవరో చదివి వినిపించిన మాటల్లోంచే తెలియాలి. మ్యూజియానికి వెళ్తే వాళ్లకు తెలిసిన ఒక్కగానొక్క మార్గాన్ని ముట్టుకోవద్దనే మొదటి బోర్డే మూసేస్తుంది.

స్పర్శ కోసం, కేవలం స్పర్శ కోసమే, ఒక శాశ్వత ప్రదర్శన మనకు కావాలి. నడిచి వెళ్లి, లోపల మునిగి, చేతులతో పాదాలతో చర్మంతో తెలుసుకునే కళాప్రదర్శన. అది తార్నాకలోనే రావాలని నా కోరిక. ఎందుకు కావాలో, తార్నాకలోనే ఎందుకు రావాలో ఈ పూట చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఒక శిల్పం దగ్గరికి వెళ్దాం. ముసుగులో ఉన్న రెబెక్కా. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొని తెచ్చారు. బైబిలు కథలోని పెళ్లికూతురు, ముఖం మీద పల్చటి మేలిముసుగు. ముసుగు వెనక ముక్కు, పెదవులు, వాలిన కనురెప్పలు కనిపిస్తాయి. తడిబట్ట ముఖానికి అంటుకున్నట్టే ఉంటుంది. ముసుగూ రాయే, ముఖమూ రాయే. ఇంటిల్లిపాదీ వచ్చి ఆ బొమ్మ ముందు నిలబడతారు. చిన్నపిల్లలు వెంటనే చెయ్యి చాస్తారు, పెద్దలు చటుక్కున వెనక్కి లాగుతారు.

ఆ పిల్లల చెయ్యి సరైన ప్రశ్నే అడుగుతోందని నేను నమ్ముతాను. కన్ను బట్ట అంటుంది. చెయ్యి తగిలితే రాయి అంటుంది. ఒకే గదిలో, ఒకే వేడిలో ఉన్నా పాలరాయి బట్టకన్నా చల్లగా తోస్తుంది. రాయి మన వేలిలోని వేడిని త్వరగా లాగేసుకుంటుంది, బట్ట అంత త్వరగా లాగదు, అదీ కారణం. బెంజోనీ పనితనం అంతా కంటికీ చేతికీ పెట్టిన ఆ తగవులోనే ఉంది. మనం సగం వాదన విని ఇంటికి వచ్చేస్తున్నాం. చూపులేనివాళ్లకు ఆ సగం కూడా అందడం లేదు.

అలాగని కాపలా ఉన్నవాళ్లను తప్పుపట్టలేం. వేలిమీద చెమట ఉంటుంది, ఉప్పు ఉంటుంది, జిడ్డు ఉంటుంది. పాలరాయి వాటిని పీల్చుకుని మరకపడుతుంది. రోమ్‌లో సెయింట్ పీటర్ కంచు విగ్రహం కుడిపాదం వేళ్లు భక్తుల చేతులకే అరిగి, గుర్తుపట్టలేనంత నున్నగా అయిపోయాయి. ఏటా లక్షలమంది వచ్చే చోట రెబెక్కా ముసుగును అందరికీ అందిస్తే మన మనవల కాలానికి ముక్కు మిగలదు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చినవాళ్లు వస్తువుల్ని చేతిలోకి తీసుకుని చూసేవాళ్లు. అప్పట్లో లోపలికి వెళ్లగలిగినవాళ్లు కొద్దిమందే. సామాన్యులకు తలుపులు తెరిచాక అద్దాల పెట్టెలు, తాళ్లు, బోర్డులు వచ్చాయి. జనం లోపలికి వచ్చారు, చేతులు బయట ఆగిపోయాయి.

దీనికి దారి లేకపోలేదు. ఇటలీలోని అంకోనా నగరంలో ఆల్డో గ్రస్సీనీ, డానియెలా బొత్తెగోనీ అనే దంపతులున్నారు. ఇద్దరికీ చూపు లేదు. ప్రపంచమంతా తిరిగారు, ప్రతి మ్యూజియంలోనూ ముట్టుకోవద్దనే మాటే విన్నారు. చివరికి తమ ఊళ్లోనే స్పర్శ మ్యూజియం పెట్టించారు. 1993లో మొదలైన ఆ మ్యూజియానికి హోమర్ పేరు పెట్టారు, 1999లో ఇటలీ ప్రభుత్వం దానికి జాతీయ హోదా ఇచ్చింది. ప్రసిద్ధ శిల్పాలకు అసలు కొలతలతో అచ్చులు పోసి అక్కడ ఉంచారు. ఎవరైనా ఎంతసేపైనా తడమవచ్చు. మన దేశంలోనూ ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో ‘అనుభవ్’ అనే గ్యాలరీ పెట్టి, తన సేకరణలోని ఇరవై పైచిలుకు వస్తువులకు చేత్తో చూసే ప్రతిరూపాలు చేయించింది. అంటే మార్గం తెలిసిందే, ఖర్చూ మోయలేనిది కాదు.

ఇక మన నగరంలోనే జరిగిన సంగతి. 2011లో మాదాపూర్‌లోని ఇనార్బిట్ మాల్‌లో ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ అనే ప్రదర్శన తెరిచారు. దాని పుట్టుక రేడియోకు సంబంధించింది కనుక ఈ మైకు ముందు చెప్పడం నాకు మరీ సంతోషం. జర్మనీలో ఆండ్రియాస్ హైనెకె అనే యువకుడు ఒక రేడియో సంస్థలో పనిచేసేవాడు. కారు ప్రమాదంలో చూపు పోయిన ఒక కుర్రాడికి రేడియో పని నేర్పే బాధ్యత ఆయనకు అప్పగించారు. మొదట హైనెకెకు జాలి కలిగింది, ఆ కుర్రాడితో ఎలా మసలుకోవాలో తెలియలేదు. కొన్నాళ్లకు తన జాలి ఎంత పనికిమాలిందో ఆయనకు అర్థమైంది. ఆ కుర్రాడు సాయం కోసం ఎదురుచూసే మనిషి కాడు, తనకన్నా ఎక్కువ తెలిసిన మనిషి. ఆ ఎరుకలోంచి 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి చీకటి ప్రదర్శన పుట్టింది. తరవాత ఎన్నో దేశాలకు పాకింది.

పద్ధతి ఇదీ. లోపల వెలుతురు చుక్క కూడా ఉండదు. వాచీ, ఫోనూ బయటే వదిలేయాలి. చేతికి తెల్లకర్ర ఇస్తారు. చీకట్లోంచి ఒక గొంతు పలకరిస్తుంది. ఆ గొంతు చూపులేని గైడుది. కాలి కింద గడ్డి తగులుతుంది, తరవాత కంకర, తరవాత చెక్క వంతెన. అంగడిలో కూరగాయల్ని చేత్తో గుర్తుపట్టాలి. వీధిలో వాహనాల చప్పుడు దూరమో దగ్గరో చెవే చెప్పాలి. బయట మనం చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తామనుకునే మనిషి, లోపల మన చెయ్యి పట్టుకుని దాటిస్తాడు. కొద్దిసేపటికే చూపున్నవాళ్లు గొంతు తగ్గించి, పక్కవాళ్ల భుజం వెతుక్కుంటూ నడుస్తారు. ఆ ప్రదర్శనలో కళాఖండం ఏదంటే ఆ మారిన సంబంధమే అంటాను.

కానీ ఒక మాల్‌లో, టికెట్టు పెట్టి, షాపింగు మధ్య తీరికలో చూసే ప్రదర్శన ఒక మంచి ఆరంభం మాత్రమే. దాని వెనక చదువు ఉండాలి, పరిశోధన ఉండాలి, ఏడాదికి ఏడాది కొత్త పిల్లలు వచ్చి దాన్ని మారుస్తూ ఉండాలి. అందుకే నా మనసు నగరానికి ఈ తూర్పు వైపుకు, తార్నాకకు తిరుగుతుంది.

తార్నాక చౌరస్తా చుట్టూ ఉన్నవి ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఒక పక్క ఉస్మానియా. దాన్ని ఆనుకునే ఇఫ్లూ, 1958లో ఇంగ్లీషు బోధన కోసం మొదలై ఇవాళ ప్రపంచ భాషలెన్నో నేర్పే విశ్వవిద్యాలయం. జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడే, రసాయన శాస్త్రానికి ఐఐసీటీ ఇక్కడే. ఉప్పల్ దారి పట్టగానే హబ్సిగూడలో భూమిని చదివే ఎన్‌జీఆర్‌ఐ, జీవకణాన్ని చదివే సీసీఎంబీ. రాయి, చర్మం, నరం, మాట, చరిత్ర, అన్నీ బస్సు టికెట్టు కూడా అక్కరలేనంత దగ్గర. సీసీఎంబీని నిర్మించిన పుష్పమిత్ర భార్గవ కళకూ సైన్సుకూ మధ్య గోడ ఉండకూడదని గట్టిగా నమ్మారు. ప్రయోగశాల గోడల మీద చిత్రాలు పెట్టించారు. ఆ నమ్మకానికి స్పర్శ ప్రదర్శన కన్నా తగిన కొనసాగింపు నాకు తోచడం లేదు.

ఎందుకంటే స్పర్శ గురించి సైన్సుకు తెలిసింది చాలావరకు ఇటీవలిదే. చర్మం మీద ఒత్తిడి పడితే అది నరంలోకి సంకేతంగా ఎలా మారుతుందో 2010 దాకా స్పష్టంగా తెలియదు. అమెరికాలో ఆర్డెమ్ పటపూషియన్ బృందం కణాల్ని సన్నటి సూదిలాంటి గొట్టంతో పొడుస్తూ, అనుమానం ఉన్న 72 జన్యువుల్ని ఒక్కొక్కటిగా ఆపుతూ వెతికింది. వాటిలో ఒకదాన్ని ఆపినప్పుడు మాత్రం కణం పోటుకు స్పందించలేదు. అలా దొరికిన ప్రోటీనుకు పీజో అని పేరుపెట్టారు. దాని తోబుట్టువు పీజో-2 మన స్పర్శకు ఆధారం. కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకు తెలిసేదీ దానివల్లే. 2021 వైద్య నోబెల్‌ను పటపూషియన్‌తో పంచుకున్న డేవిడ్ జూలియస్ వేడిని పసిగట్టే ప్రోటీనును మిరపకాయలోని ఘాటు సాయంతో 1997లో కనిపెట్టాడు. గుంటూరు మిర్చి కొరికినప్పుడు నాలుక మండిపోయిందని మనం అంటాం. నరం దృష్టిలో అది అక్షరాలా నిజం. కాలే వేడిని కనిపెట్టే ప్రోటీనే ఘాటుకూ పలుకుతుంది.

వేలికొస మీద రెండు మిల్లీమీటర్ల ఎడంలో రెండు మొనలు తగిలినా రెండని తెలుస్తుంది. అదే వీపు మీద దాదాపు నాలుగు సెంటీమీటర్ల దూరం ఉంటే తప్ప తెలియదు. బ్రెయిలీ చుక్కల ఎడం రెండున్నర మిల్లీమీటర్లు ఉండటం వెనక ఈ కొలత ఉంది. లూయీ బ్రెయిలీ పదిహేనేళ్లవాడిగా ఉన్నప్పుడు, ఏ యంత్రమూ లేకుండా, తన వేలినే నమ్ముకుని ఆ కొలత పట్టుకున్నాడు. 2013లో స్వీడన్ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతల్ని కూడా వేలు గుర్తుపట్టగలదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఒక షరతు ఉంది. వేలు కదులుతూ ఉండాలి. ఊరికే ఆనించి ఉంచిన వేలికి ఆ గరుకు తెలియదు. అందుకే స్పర్శకు వెతుకులాట కావాలి, సమయం కావాలి. గదికి అరనిమిషం చొప్పున తరిమే మ్యూజియంలో స్పర్శ పనిచేయదు.

మరో రకం నరాలున్నాయి, నెమ్మదివి. రోమాలున్న చర్మం కింద ఉంటాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో మెత్తగా నిమిరితే ఇవి ఎక్కువగా పలుకుతాయి. వస్తువు ఏమిటో ఇవి చెప్పవు, హాయి మాత్రం చెబుతాయి. పసిబిడ్డ వీపు నిమిరే తల్లి చెయ్యి ఎవరూ చెప్పకుండానే ఆ వేగంలో కదులుతుంది.

ఇంత చెప్పాక, స్పర్శ పోయినవాళ్ల గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. మన నేల మీద స్పర్శ చరిత్ర రాయాలంటే కుష్టు దగ్గర ఆగాల్సిందే. ఆ క్రిమి చర్మాన్నీ నరాన్నీ ఆశ్రయిస్తుంది. మొదట పాలిపోయిన మచ్చ వస్తుంది, దాని మీద దూదిపింజతో తాకితే తెలియదు. వైద్యం ఆలస్యమైతే చేతి నరాలు మొద్దుబారతాయి. పొయ్యి మీది గిన్నె కాలుతోందని చెయ్యి చెప్పదు. చెప్పులో రాయి ఉందని కాలు చెప్పదు. పుండు పడినా నొప్పి ఉండదు, నొప్పి లేదు కనుక మనిషి ఆగడు, పుండు మానదు. వేళ్లు పోయేది ఎక్కువగా ఇలాగే. స్పర్శ మనల్ని నిమిషనిమిషం ఎంతగా కాపాడుతోందో అది లేనివాళ్ల చేతులు చెబుతాయి.

ఆ చేతుల్ని లోకం ముట్టుకోలేదు. తన స్పర్శ పోయిన మనిషికి ఎదుటివాళ్ల స్పర్శ కూడా లేకుండా చేశారు. ఊరి బయటికి పంపేశారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో ఆస్పత్రి మొదలుపెట్టి ఇలాంటివాళ్లను చేరదీశారు. 1958లో వనపర్తి సంస్థానానికి చెందిన రాణి కుముదినీదేవి కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. తరవాత ఆమె హైదరాబాద్ నగరానికి తొలి మహిళా మేయర్ అయ్యారు. ఇవాళ కుష్టుకు మందు ఉంది, ఉచితంగా దొరుకుతుంది, పూర్తిగా నయమవుతుంది. భయం మాత్రం మందుకన్నా నెమ్మదిగా పోతోంది. నేను కోరుకునే ప్రదర్శనలో ఒక గది దీనికి ఉండాలి. మందపాటి తొడుగులు వేసుకుని చొక్కా గుండీ పెట్టుకోవాలి, నేల మీది రూపాయి బిళ్ల తీయాలి, సూదిలో దారం ఎక్కించాలి. పక్క బల్ల మీద శివానందలో, డిచ్‌పల్లిలో బతికినవాళ్లు తమ గొంతుతో చెప్పిన జీవితాలు వినపడాలి.

ఇక్కడి నుంచి ఇంకో మాటకు రాక తప్పదు. ఏ జబ్బూ లేని మనుషుల్ని కూడా తరతరాలుగా తాకకుండా ఉంచిన సమాజం మనది. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ కావ్యంలో గుర్రం జాషువా సృష్టించిన అంటరాని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి గబ్బిలానికి ఉన్న దారి ఆ మనిషికి లేదు. అదే తెలుగునేల మీద శ్రీశైలంలో భక్తులు మల్లికార్జున లింగాన్ని స్వయంగా తాకి నుదురు ఆనించే స్పర్శదర్శనం ఉంది. తాకితేనే దర్శనం పూర్తయిందని నమ్మే భక్తి, మనిషి తగిలితే మైలపడ్డామని నమ్మిన ఆచారం, రెండూ మనవే. రాజ్యాంగం పదిహేడో అధికరణంతో అంటరానితనాన్ని నేరం చేసింది. ఆ తరవాత కూడా మన పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. స్పర్శ మీద తెలుగునాట ఎవరు ప్రదర్శన పెట్టినా ఆ రెండు గ్లాసులు అందులో ఉండాలి. ఒకటి బల్ల మీద, ఒకటి చూరులో గుచ్చి. వచ్చినవాళ్లు రెండింటినీ చేతిలోకి తీసుకోవాలి. విదేశాల్లోని స్పర్శ ప్రదర్శనల్ని చూసి నకలు చేస్తే మెత్తటి దిండ్లు, వేలాడే దారాలు, రంగురంగుల రబ్బరు బంతులు వస్తాయి. పిల్లలు సంతోషిస్తారు, మంచిదే. కానీ మన స్పర్శ కథ అక్కడ ఉండదు.

కథలో వెలుగు లేదని కాదు. చేతిపని మీద బతికిన నేల ఇది. ఆ గదుల్లో ఏం పెట్టవచ్చో తలుచుకుంటే నాకు ఉత్సాహం ఆగదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నేసే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నటి పళ్ల వరుస పింజను తిన్నగా చేస్తుంది. అలా దువ్విన పత్తి నుంచి నూరో నంబరు నూలు వడుకుతారు. ఆ దవడనూ, దువ్వని పత్తినీ, దువ్విన పత్తినీ, వడికిన నూలునూ, నేసిన బట్టనూ వరసగా పెడితే చాలు. ఒక బల్ల పొడవునా చెయ్యి నడిచి వెళ్తే, ఆడవాళ్ల వేళ్లు ఎన్ని గంటలు పనిచేశాయో బోర్డు అక్కరలేకుండా తెలుస్తుంది.

ఆదిలాబాద్ అడవిపల్లెల్లో ఓజాలు డోక్రా బొమ్మలు పోస్తారు. మట్టి ముద్ద మీద మైనాన్ని దారాల్లా సాగదీసి చుడతారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పగలగొడితే మైనపు దారం చుట్టిన గుర్తులు ఇత్తడి మీద గీతలుగా నిలిచి ఉంటాయి. డోక్రా ఏనుగును చేత్తో తడిమితే ఆ గీతల్లో చేసినవాళ్ల వేళ్ల కదలికే మన వేళ్లకు తగులుతుంది. ఫొటోలో ఆ గీతలు అలంకారంలా కనిపిస్తాయి, అంతే. ఇక బిద్రీ. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, వెండితీగ పొదిగి, బీదర్ కోటలోని పాతమట్టితో నలుపు తేలుస్తారు. ఆ మట్టి పనికొస్తుందో లేదో పనివాళ్లు నాలుకకు రాసుకుని తేలుస్తారు. ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు కర్ర మీద తిరుగుతూ తిరుగుతూ తెచ్చుకున్న నునుపు మరొకటి.

చూపు పోయాక కూడా చిత్రకారుడు చిత్రకారుడిగానే ఉండగలడని చెప్పడానికి వినోద్ బిహారీ ముఖర్జీ ఉన్నారు. శాంతినికేతన్‌లో గొప్ప కుడ్యచిత్రాలు వేసిన ఆయనకు కంటి ఆపరేషను వికటించి చూపు పూర్తిగా పోయింది. ఆ తరవాత కాగితం కత్తిరించి అంటించే బొమ్మలు చేశారు, మట్టితో, మైనంతో చిన్న శిల్పాలు చేశారు. 1972లో కళాభవన్ గోడకు పలకలతో పెద్ద కుడ్యచిత్రం కూర్చారు. ఆయన విద్యార్థి సత్యజిత్ రాయ్ అదే ఏడాది ఆయన మీద ‘ఇన్నర్ ఐ’ అనే సినిమా తీశాడు. ఇలాంటి మనుషులు మన ఊళ్లలోనూ ఉండి ఉంటారు. వాళ్ల చేతికి మట్టి ఇచ్చేవాళ్లు ఉంటే బయటికి వస్తారు.

బోర్డుల గురించి ఒక మాట. తెలుగు బ్రెయిలీ మన పెద్దలకు అంతగా తెలియదు. 1951లో స్థిరపడ్డ భారతీ బ్రెయిలీలో తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ అవే చుక్కలు. ఒత్తులు అక్షరం కింద వేలాడవు, వరుసలోనే వస్తాయి. ప్రదర్శనలో ప్రతి వస్తువు పక్కనా తెలుగు బ్రెయిలీ ఉండాలి. గోడ మీద ఎత్తుగా అంటిస్తే చదవలేరు. నడుము ఎత్తులో, కాస్త వాలుగా పెట్టాలి. మణికట్టు నొప్పి పుట్టకుండా చదవగలగాలి.

చట్టం కూడా ఇటే చెబుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై తొమ్మిదో సెక్షను కళను వాళ్లకు అందుబాటులోకి తేవాలంటుంది. వాళ్ల అనుభవాల చరిత్రను చెప్పే మ్యూజియం నెలకొల్పే మాట కూడా అందులో ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లే సుమారు 50 లక్షలు. అడిగేది దయ కాదు, రాసిపెట్టి ఉన్న హక్కు.

ఇక మొదలుపెట్టడం ఎలా? పెద్ద భవనం కోసం ఆగక్కరలేదు. క్యాంపస్‌లో ఒక పాత హాలు చాలు. రెబెక్కా ముఖానికీ, రామప్ప మదనికకూ, అమరావతి పలకకూ కంప్యూటరుతో స్కాన్ తీసి రాతిలోనే ప్రతిరూపాలు చేయించాలి. ప్లాస్టిక్కులో వద్దు. పాలరాతి చల్లదనం పాలరాతికే ఉంటుంది. ఆర్ట్స్ కాలేజీ రాయి ముక్క ఒకటి, పాలిష్ పట్టిన వైపూ పట్టని వైపూ తెలిసేలా, గుమ్మం పక్కన ఉంచాలి. అద్దాలు వద్దు, తొందర వద్దు. రోజూ చేతులు కడుక్కునే కుళాయి, సబ్బు గుమ్మంలోనే ఉంటే చాలు. అరిగిపోయిన ప్రతిరూపాన్ని ఏటా మార్చుకోవచ్చు.

గైడ్లుగా ఈ క్యాంపస్‌లో చదువుకునే చూపులేని విద్యార్థుల్నే పెట్టాలి, గంటకు ఇంత అని జీతమిచ్చి. సెలవుల్లో వాళ్ల హాస్టల్ ఖర్చులు వెళ్లిపోతాయి, అనుభవ పత్రం చేతికి వస్తుంది. ఏ వస్తువు పెట్టాలో తేల్చే కమిటీలో కూడా వాళ్లు సగం మంది ఉండాలి. ఏ ప్రతిరూపం చేతికి సరిగ్గా పలుకుతోందో, ఏది కేవలం చూపున్నవాళ్ల మెప్పు కోసం చేసిందో వాళ్లు వెంటనే చెప్పగలరు. నమూనాలు ముందు వాళ్ల చేతుల్లోంచి వెళ్లాకే గదిలోకి రావాలి. ఉస్మానియా, ఇఫ్లూ, సీసీఎంబీ పెద్దలు ఎవరైనా ఈ ప్రసంగం వింటూ ఉంటే, మొదటి సమావేశానికి ఆ విద్యార్థుల్ని పిలవమని కోరుతున్నాను.